పట్టి, తూచి, వదిలేసే చేపల పందెం

చేపని ఎందుకు పడతారు అని అడిగితే మనలో ఎవరైనా తడుముకోకుండా చెప్పే జవాబు ఒక్కటే. పులుసుకి, లేకపోతే వేపుడికి, కాదంటే అమ్మకానికి. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గోదావరి జిల్లాల మాట మనకి ఉండనే ఉంది. అలాంటి మనకి, మూడు గంటలు నది మీద తంటాలు పడి పట్టిన చేపల్ని కాటా మీద పెట్టి తూచి, బతికుండగానే మళ్లీ అదే నదిలో వదిలేసి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చేవాళ్లు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. పైగా అందుకోసం డబ్బు ఎదురు కట్టి మరీ వెళతారు!

అమెరికాలో నదులూ చెరువులూ ఉన్న చాలా ఊళ్లలో ఇది వేసవి సాయంత్రాల సరదా. వారంలో ఏదో ఒకరోజు, మంగళవారమో బుధవారమో గురువారమో, ఆఫీసులు వదిలాక మొదలుపెట్టి చీకటి పడేలోగా ముగించే చేపల పోటీ. ఆ చేప పేరు బాస్.

వాషింగ్టన్ నగరం పక్కన వర్జీనియాలో కాపురముంటున్న ఒక చెల్లెలు ఈ సంగతే రాసింది. "అక్కయ్యగారూ! మావారు రెండేళ్ల నుంచి వేసవి వస్తే చాలు, ప్రతి బుధవారం ఆఫీసు నుంచి వచ్చీ రాగానే స్నేహితుడి పడవలో చేపల పోటీకి పోటోమాక్ నదికి వెళుతున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి గానీ రారు. ఒక్క చేప ఇంటికి రాదు. బట్టలకి మాత్రం నీచువాసన వస్తుంది. ఇప్పుడు సొంత పడవ కొంటానంటున్నారు. ఇదేం పిచ్చో నాకు బోధపడటం లేదు. కోప్పడనా, ఊరుకోనా?" అని.

కోపం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిచ్చి ఏమిటో తెలుసుకుందాం. సంగతి తెలియకుండా పోట్లాటకి దిగితే మొదటి మాటకే మనం ఓడిపోతాం కదా!

బాస్‌గారి కాపురం

బాస్ అంటే ఆఫీసులో బాస్ కాదు. మంచినీళ్లలో బతికే చేప. ఇందులో పెద్ద నోటిదనీ చిన్న నోటిదనీ రెండు రకాలు ముఖ్యం. పెద్ద నోటి బాస్ ఆకుపచ్చగా ఉండి, పక్కల నల్లటి చార ఉంటుంది. నోరు మూసినా దాని చివర కంటిని దాటి వెనక్కి వెళుతుంది. ఆ నోటితో చిన్న చేపనీ, కప్పనీ, రొయ్యలాంటి పురుగునీ, ఏది కదిలితే దాన్ని గుటుక్కున మింగుతుంది. అంత ఆశపోతు కాబట్టే గాలానికి చిక్కుతుంది.

దాని కాపురం గురించి వింటే మీకు ముచ్చటేస్తుంది. వసంతకాలంలో నీళ్లు కాస్త వెచ్చబడగానే మగ చేప లోతు తక్కువ చోటు చూసుకుని, తోకతో అడుగు ఊడ్చి గూడు సిద్ధం చేస్తుంది. ఆడ చేప వచ్చి గుడ్లు పెట్టి తన దారిన తాను వెళ్లిపోతుంది. ఆ తర్వాత గుడ్లకి కాపలా, పిల్లలకి కాపలా అంతా తండ్రిదే! పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా తిండి మీద కూడా సరిగా ధ్యాస పెట్టదు. ఇంకో సంగతి. కాటా మీద గెలిపించే పెద్ద పెద్ద చేపలు దాదాపు అన్నీ ఆడవే. మగవి ఒక పాటి సైజుకి వచ్చి ఆగిపోతాయి. పడవలో కూర్చున్న మగవాళ్లంతా వెతికేది ఆ ఇల్లాలి కోసమే అన్నమాట.

ఇంతవరకు పట్టిన అన్నిటికన్నా పెద్ద బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోల పైమాటే. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే యువకుడికి దొరికింది. అవి కరువు రోజులు. తూకం వేయించాక ఆ చేపని ఇంటికి తీసుకెళితే ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 77 ఏళ్ల తర్వాత, 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురితా అనే ఆయన దానికి సమానమైన చేపని పట్టాడు. ఒక ఔన్సు ఎక్కువే తూగినా, పాత రికార్డుని దాటాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువుండాలనే నిబంధన వల్ల ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

సాయంత్రం ఆరు నుంచి చీకటి దాకా

ఈ పోటీల్లో సాధారణంగా పడవకి ఇద్దరు. ఇద్దరి చేపలూ ఒకే లెక్క. రేవు దగ్గర అయిదు, అయిదున్నరకల్లా పడవలు చేరతాయి. రుసుం కట్టి, చీటీ తీసి, ఎవరి వరస ఎప్పుడో తెలుసుకుంటారు. బయలుదేరే ముందు పడవలో చేపలు ఉంచే తొట్టి ఖాళీగా ఉందో లేదో చూస్తారు. ఎవరైనా ముందే పట్టి దాచుకుంటే? అందుకని. అక్కడ జూన్ నెలాఖరులో సూర్యుడు అస్తమించేది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే, అందువల్ల ఆఫీసు తర్వాత కూడా మూడు గంటల వెలుతురు దొరుకుతుంది. చెప్పిన టైముకి రేవుకి రాకపోతే తూకంలో కోత పడుతుంది, మరీ ఆలస్యమైతే అసలు తూకమే ఉండదు.

ఎక్కువ చోట్ల అయిదు చేపల లెక్క. కొన్ని చోట్ల సాయంత్రం పోటీలకి మూడే. ఇన్ని అంగుళాల కన్నా చిన్న చేప పనికిరాదని నియమం ఉంటుంది. రాష్ట్రాన్ని బట్టి, కాలాన్ని బట్టి అది 12 అంగుళాలో, 14, 15 అంగుళాలో. కొలబద్దకి వెంట్రుకవాసి తగ్గినా వదిలేయాల్సిందే. అయిదూ నిండాక ఆరోది పడిందనుకోండి, అన్నిట్లోకీ చిన్నదాన్ని ఏరి నీళ్లలో వేసి దీన్ని ఉంచుకుంటారు. కూరగాయల బండి దగ్గర మనం వంకాయలు మార్చి మార్చి ఏరినట్టే!

చివర్లో అందరూ రేవు దగ్గర గుమిగూడతారు. చేపల్ని నీళ్లు పోసిన సంచిలో తెచ్చి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడతారు. పౌండులో నూరో వంతు దాకా చూస్తారు. నూరో వంతు అంటే నాలుగున్నర గ్రాములు. మన టీ చెంచాడు ఉప్పు కన్నా తక్కువ! ఆ కాస్త తేడాతో మొదటి బహుమతి చేజారిపోయిన పడవలు ఎన్నో. అయిదు చేపలూ కలిపి 12, 15 పౌండ్లు తూగితే మంచి సాయంత్రమే అనుకోవాలి. ఒక్కటీ పడని సాయంత్రాలూ ఉంటాయి.

డబ్బున్నచోట దొంగబుద్ధి కూడా ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు మీద వేరే రకం చేపల పోటీలో గెలిచారనుకున్న ఇద్దరి చేపల్ని కోసి చూస్తే పొట్టల్లో సీసం గుళ్లు బయటపడ్డాయి. మరుసటి ఏడు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. పదేసి రోజుల జైలు, పైగా పడవ కూడా పోయింది. పెద్ద బహుమతులున్న పోటీల్లో గెలిచినవాళ్లకి అబద్ధాలు పట్టే యంత్రం పరీక్ష పెట్టడం కూడా ఉంది. ఊళ్లో సాయంత్రం పోటీకి అంత అవసరం రాదు. అక్కడ అందరూ అందరికీ తెలిసినవాళ్లే, పరువే కాపలా.

ఈ బుధవారం పోటు, వచ్చే బుధవారం ఆటు

పోటోమాక్ చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. అక్కడి నుంచి వాషింగ్టన్ దాకా వంద మైళ్ల పైచిలుకు నదిలో ఆటుపోట్లు ఉంటాయి. పై భాగంలో నీళ్లు ఉప్పగా ఉండవు, కానీ రోజుకి రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతాయి. వాషింగ్టన్ దగ్గర ఆ తేడా దాదాపు మూడు అడుగులు. కోనసీమ ఆడపడుచులకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

నీళ్లు తీస్తున్నప్పుడు చిన్న చిన్న పాయల్లోంచి, నాచు తుప్పల్లోంచి చిన్న చేపలు బయటికి కొట్టుకొస్తాయి. బాస్ ఆ పాయ మూతి దగ్గరే కాచుకుని ఉంటుంది. వీధి చివర బజ్జీల బండి దగ్గర కాలేజీ పిల్లలు కాచుకున్నట్టు! పోటు ఎక్కువున్నప్పుడు అవి తుప్పల లోపలికి వెళ్లి చెదిరిపోతాయి, వెతకడం కష్టం. ఈ ఆటుపోట్ల సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. వారానికి లెక్కవేస్తే ఆరు గంటలు. అంటే ఈ బుధవారం సాయంత్రం ఆరింటికి పోటు ఉంటే, వచ్చే బుధవారం అదే సమయానికి ఆటు. పోయినవారం ఎక్కడ దొరికాయో అక్కడికే పోతే ఈ వారం ఏమీ దొరకదు. మీ ఆయన మంగళవారం రాత్రి కాగితాలు ముందేసుకుని లెక్కలు కడుతుంటే, ఆఫీసు పని అనుకోకండి!

ఆ నది కథ కూడా చెప్పుకోవాలి. 1960లలో పోటోమాక్ మురికి కంపు కొట్టేది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాన్ని దేశానికే సిగ్గుచేటు అన్నాడు. 1972లో నీటి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చాక, మురుగునీటిని శుద్ధి చేసి వదలడం మొదలయ్యాక, 1980లలో నీటి అడుగు మొక్కలు మళ్లీ మొలిచాయి. మొక్కలు వచ్చాయి, చిన్న చేపలు వచ్చాయి, వాటి వెనకే బాస్ పెరిగింది. ఈ పోటీలన్నీ ఆ శుద్ధి పుణ్యమే. మన ఊరి చెరువులకీ మూసీకీ ఈ పాఠం పనికొస్తుంది.

వంటింట్లో పుట్టిన ఎర

ఎక్కువ పోటీల్లో బతికున్న ఎర వాడనివ్వరు. వానపాములు, చిన్న చేపలు కుదరవు. అన్నీ కృత్రిమమే. చెక్క చేపలు, గిరగిర తిరిగే రేకులు, రబ్బరు కప్పలు, అన్నిటికన్నా ముఖ్యం మెత్తటి ప్లాస్టిక్ వానపాము. దాని పుట్టుక వింటే మీరు నవ్వుకుంటారు.

1949లో ఒహాయోలోని ఆక్రన్ అనే ఊళ్లో నిక్ క్రీమ్ అనే కార్మికుడు, ఆయన భార్య కాస్మా కలిసి ఇంట్లో వంటింటి పొయ్యి మీద రసాయనాలూ రంగులూ కలిపి మరగబెట్టి, అచ్చుల్లో పోసి వానపాములు తయారుచేశారు. మనం మైసూర్‌పాకుకి పాకం పట్టి పళ్లెంలో పోసినట్టే! ఎంత మెత్తగా రావాలో, ఎంత గట్టిపడాలో తేలేదాకా చేసి చేసి చూశారు. పోస్టులో అమ్మడం మొదలుపెట్టాక అది ఊరూరా పాకిపోయింది. ఈరోజుకీ బాస్ పట్టేవాళ్ల పెట్టెలో ప్లాస్టిక్ వానపాము లేకుండా ఉండదు. అంత పెద్ద వ్యాపారానికి మొదటి మెట్టు ఓ ఇంటి పొయ్యి అని ఎంతమందికి గుర్తుంటుంది?

వదిలేయడం ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్న. తిననప్పుడు పట్టడం దేనికి?

1967 జూన్‌లో రే స్కాట్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఆర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో మొదటి పెద్ద బాస్ పోటీ పెట్టాడు. 106 మంది, తలా 100 డాలర్ల రుసుం. ఆ రోజుల్లో పట్టిన చేపలన్నీ చచ్చిపోయేవి. ఇలాగే సాగితే నాలుగేళ్లకి పట్టడానికి చేపే మిగలదని జనం గొణిగారు. 1972లో ఆయనే తన పోటీల్లో చేపల్ని బతికించి వదలాలనే పద్ధతి తెచ్చాడు. పడవలో నీళ్లు, గాలి ఆడే తొట్టి తప్పనిసరైంది. చచ్చిన చేపకి తూకంలో కోత పెట్టారు. ఆ పద్ధతే ఇప్పుడు చిన్నా పెద్దా అన్ని పోటీలకీ పాకింది. విత్తనపు వడ్లు వండుకోకూడదని మన పెద్దలు అన్నారే, అదే సూత్రం.

అలాగని వదిలిన ప్రతి చేపా బతుకుతుందని కాదు. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తొట్టిలో ఇరుక్కుని, చేతుల్లో నలిగి, వదిలాక తర్వాత రోజుల్లో చచ్చేవీ ఉంటాయి. అందుకని పద్ధతైనవాళ్లు తొట్టిలో ఐసు సీసాలు వేస్తారు, చేప ఒంటి మీది జిగురు పోకుండా చేతులు తడుపుకుని పట్టుకుంటారు, పెద్దదైతే పొట్ట కింద రెండో చెయ్యి వేస్తారు. మరీ ఎండలున్నప్పుడు కొన్ని చోట్ల తూకం మానేసి, కొలబద్ద మీద పెట్టి ఫొటో తీసి అక్కడికక్కడే వదిలేసే పోటీలు పెడుతున్నారు. ఆటకోసం మూగజీవిని నొప్పించవచ్చా అని మీ మనసుకి అనిపిస్తే, ఆ అనిపించడం తప్పు కాదు. ఆడేవాళ్లలో మంచివాళ్లకీ ఆ బాధ ఉంది కాబట్టే ఈ జాగ్రత్తలన్నీ పుట్టాయి.

ఆడవాళ్ల మాటేమిటి?

చేపల పోటీ అంటే మగవాళ్ల లోకం అనే మాట అక్కడా చాలాకాలం నడిచింది. 1976లో షుగర్ ఫెరిస్ అనే ఆవిడ ఆడవాళ్ల కోసమే 'బాస్ అండ్ గాల్' అనే సంఘం పెట్టి, 1998 దాకా దేశమంతా పోటీలు నడిపింది. 2009లో ఆస్ట్రేలియాలో పుట్టిన కిమ్ బెయిన్ మూర్, బాస్ పోటీల్లోకెల్లా పెద్దదైన బాస్‌మాస్టర్ క్లాసిక్‌లో పాల్గొన్న తొలి మహిళ అయింది. మరుసటి ఏడు పామ్ మార్టిన్ వెల్స్ అదే పోటీలో 22వ స్థానంలో నిలిచింది. ఆమె వెనక ఎందరో పేరున్న మగవాళ్లు! ఇందులో కండబలం పెద్దగా పనిచెయ్యదు. ఓపిక, చేతివాటం, నీళ్లని చదవడం కావాలి. పాలు పొంగే క్షణం కనిపెట్టడానికి అలవాటుపడ్డ మనకి ఆ ఓపిక కొత్తా? ఊళ్ల పోటీల్లో భార్యాభర్తలు ఒకే పడవలో జట్టుగా వెళ్లడం ఇప్పుడు మామూలే.

ఇక మన చెల్లెలి ప్రశ్న

అమ్మా! నువ్వు కోప్పడకు. ఊరుకోనూ వద్దు. లెక్క వెయ్యి. లెక్కలో రెండు పద్దులుంటాయి, ఒకటి డబ్బు, రెండోది పొద్దు.

డబ్బు లెక్క ఇలా చూడు. ఉదాహరణకి 20 పడవలు, పడవకి 40 డాలర్ల రుసుం అనుకుందాం. మొత్తం 800. మొదటి పడవకి సగం, అంటే 400 ఇచ్చారనుకో, ఇద్దరు పంచుకుంటే తలా 200. మన చీటీపాటలాంటిదే, డబ్బు బయటినుంచి రాదు, కట్టినవాళ్లదే తిరుగుతుంది. సీజను మొత్తం 16 వారాలు అనుకుందాం. వారానికి ఆయన వాటా రుసుం 20, పెట్రోలు 25, ఎరలూ దారాలూ 15 అనుకుంటే 60. పదహారు వారాలకి 960 డాలర్లు. అది తిరిగి రావాలంటే ఇరవై పడవల మీద అయిదుసార్లు మొదటి స్థానం రావాలి. గెలిచిన సొమ్ముకి అక్కడ ఆదాయపు పన్ను కూడా ఉందని మర్చిపోకు. కాబట్టి ఇది సంపాదన కాదు, ఖర్చు. సినిమాకి వెళ్లినట్టు, సంగీతం నేర్చుకున్నట్టు ఖర్చు. తప్పు లేదు, కానీ దాన్ని ఖర్చుగానే ఒప్పుకోవాలి. సీజనుకి ఇంత అని కవరులో వేసి ఇవ్వు. గెలిస్తే ఆ కవరులోకే, అయిపోతే ఆ ఏటికి అంతే.

పడవ సంగతి వేరు. ఈ పోటీలకి వాడే కొత్త పడవలు పదివేల డాలర్ల లెక్కలో ఉంటాయి, పెద్దవి కారు ధరని మించిపోతాయి. ఏనుగుని కొనడం కాదు, మేపడం కష్టం. లాగే బండి, నిలిపే చోటు, ఇన్సూరెన్సు, మరమ్మతులు అన్నీ ఉన్నాయి. ఆయన్ని కాగితం మీద ఏడాది మొత్తం ఖర్చు రాసి చూపించమను. పిల్లల చదువు పద్దు, ఊళ్లో పెద్దవాళ్లకి పంపే పద్దు కదలకుండా అది ఇమిడితే సరే. లేదంటే ఇంకో సీజను స్నేహితుడి పడవే. ఇద్దరికి తక్కువలో సరిపోయే దారి ఇంకొకటుంది. తెడ్డుతో నడిపే చిన్న కయాక్ పడవల పోటీలు కూడా జరుగుతున్నాయి, వాటి ఖర్చు ఇందులో చిన్న పాలు.

ఇక పొద్దు లెక్క. ఇదే అసలుది. పగలంతా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి, ఫోను మోగని నీళ్ల మీద మూడు గంటలు ఎంత అవసరమో నాకు అర్థమవుతుంది. అయితే పగలంతా ఆఫీసు, వంట, పిల్లలు, హోంవర్కు మధ్య తిరిగిన మనిషికి ఆ మూడు గంటలు అక్కర్లేదా? బుధవారం ఆయనది అయితే శుక్రవారం నీది. ఆ సాయంత్రం వంట, పిల్లలు, అంట్లు ఆయనవి. నువ్వు పాటకే వెళ్తావో, స్నేహితురాలింటికే వెళ్తావో, గదిలో తలుపేసుకుని పుస్తకమే చదువుతావో నీ ఇష్టం, లెక్క చెప్పక్కర్లేదు. ఈ మాట నీకొక్కదానికే కాదు. ఇక్కడ మన ఊళ్లలో క్రికెట్టనీ, క్లబ్బనీ, పేకాటనీ సాయంత్రాలు వెళ్లిపోయే ఇళ్లన్నిటికీ చెబుతున్నాను. సరదా పాపం కాదు. ఒకరి సరదా బరువు ఇంకొకరి నడుం మీద పడటమే పాపం.

ఒక బుధవారం పిల్లల్ని తీసుకుని తూకం సమయానికి రేవుకి వెళ్లు. చూడటానికి డబ్బు తీసుకోరు. పిల్లలకి బతికున్న పెద్ద చేపని దగ్గర్నించి చూడటం ఓ పండగ. ఆయన ముఖం కూడా చూడు. నచ్చితే, పోటీ లేని ఓ సాయంత్రం పడవ ఎక్కు.

పడవ ఎక్కేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

1. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. ఈత వచ్చినా సరే. పిల్లల జాకెట్టు వాళ్ల బరువుకి తగ్గదై ఉండాలి.

2. ఈ పడవలు గంటకి 60, 70 మైళ్ల వేగంతో పోతాయి. నడిపేవాళ్లు ఇంజను ఆపే తాడుని ఒంటికి తగిలించుకోవాలి. మనిషి పడిపోతే ఇంజను దానంతట ఆగుతుంది. 26 అడుగుల లోపు పడవలకి ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా చట్టం.

3. ఉరుము వినిపిస్తే గాలం కర్ర కింద పెట్టి ఒడ్డుకి రావాలి. ఆ కర్రల్లో ఉండే గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. బహుమతి పోతే పోయింది.

4. పెద్దవాళ్లకి చేపలు పట్టే లైసెన్సు కావాలి. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకి కొద్దిరోజుల లైసెన్సులు దొరుకుతాయి. అమ్మాయి దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు సరదాకి గాలం పట్టుకునే ముందు అడిగి తెలుసుకోండి.

5. చున్నీ, పైట, జడ గాలానికి చిక్కుకోకుండా బిగించుకోండి. టోపీ, నిండు చేతుల చొక్కా, చలువ కళ్లద్దాలు అవసరం. కళ్లద్దాలు ఎండకే కాదు, విసిరిన గాలం కంటికి తగలకుండా కూడా.

6. తిండికి పొడిగా ఉండేవి పట్టుకెళ్లండి. చేతులకి చేప జిగురు అంటుకుంటుంది కాబట్టి కాగితంలో చుట్టిన చపాతీలు, చెంచాతో తినే నిమ్మకాయ పులిహోర, జంతికలు బాగుంటాయి. అరటిపండు మాత్రం వద్దు! పడవలో అరటిపండు ఉంటే చేప పడదని అక్కడి జాలర్ల నమ్మకం. మన పిల్లి శకునంలాంటిదే. నవ్వుకున్నా సరే, వాళ్ల పడవలో వాళ్ల మాట వినాలి.

అక్కడా మన కొర్రమీనే!

ఆఖరికి ఓ తీపి కబురు. పోటీ చేప ఇంటికి రాకపోయినా పులుసు చేప రావచ్చు. 2002లో మేరీలాండ్‌లో ఓ చెరువులో 'స్నేక్‌హెడ్' అనే పరాయి చేప కనిపించి గగ్గోలు పుట్టింది. 2004కల్లా అది పోటోమాక్‌లో ఉందని తేలింది. అది మన కొర్రమీనుకి చుట్టమే. రెండూ చన్నా జాతివి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకి ఇది చలిదేశపు అన్నగారనుకోండి. 2024లో మేరీలాండ్ రాష్ట్రం, జనం తినాలనే ఉద్దేశంతో దానికి 'చెసపీక్ చన్నా' అని కొత్త పేరు కూడా పెట్టింది. తమాషా ఏమిటంటే బాస్ కూడా ఆ నదికి పరాయిదే. 1854 ప్రాంతంలో చిన్న నోటి బాస్‌ని రైలింజను నీళ్ల తొట్టిలో వేసి తెచ్చి పోటోమాక్‌లో వదిలారు. వచ్చినప్పుడు పరాయిది, నాలుగు తరాలకి సొంతది!

బాస్ గాలానికి స్నేక్‌హెడ్ కూడా పడుతుంది. దాన్ని బతికుండగా దగ్గర ఉంచుకోకూడదు, ఎక్కడికీ తీసుకెళ్లకూడదు, అది చట్టం. పట్టినచోటే చంపి ఐసులో పెట్టాలి. ఏ నది చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ఆ రాష్ట్రం వాళ్లు ప్రకటిస్తారు. గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న ఇళ్లలో అది చూసుకున్నాకే పొయ్యి వెలిగించండి.

వండటం మీకు నేను చెప్పాలా? ముక్కలకి ఉప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి కడిగితే నీచు పోతుంది. నూనెలో మెంతులు, ఉల్లిపాయ ముద్ద, అల్లం వెల్లుల్లి వేయించి, కారం, ధనియాల పొడి వేసి, చింతపండు పులుసు పోసి బాగా మరిగాక ముక్కలు వెయ్యండి. గరిటె పెట్టకుండా గిన్నెని పట్టుకుని తిప్పండి. పదిహేను నిమిషాలు చాలు. దించి రాత్రంతా వదిలేసి మర్నాడు తింటే దాని రుచే వేరు. మొదటి ముద్ద ఎవరు పట్టుకొచ్చారో వాళ్లకి, ఆఖరి గిన్నె కడగడం కూడా వాళ్లకే!

వచ్చేవారం మరో కబురుతో కలుసుకుందాం.